శాలువా కప్పే ముందు బీడు చూడు

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. ఐక్యరాజ్యసమితి 2026ను పచ్చిక బయళ్ల, పశుపాలకుల సంవత్సరంగా ప్రకటించింది కాబట్టి మీ మండలంలో మంచి గొర్రెల కాపరిని ఎంచి సన్మానిస్తామని రాశావు. చాలా సంతోషమమ్మా. నారాయణపేట, మక్తల్ చుట్టుపక్కల ముప్పై ఏళ్లు పశువైద్యుడిగా తిరిగినవాణ్ణి కాబట్టి నాకు తోచింది చెబుతాను.

ఎవరికి ఎన్ని గొర్రెలున్నాయని మాత్రం అడగొద్దు. 2019 పశుగణనలో దాదాపు 1.9 కోట్ల గొర్రెలతో దేశంలో మన తెలంగాణే మొదటిది. కొదవంతా మేతకే. గొర్రెను చూసి బహుమతి ఇస్తే, బీడును బోడిచేసి మంద పెంచినవాడికే అది దక్కొచ్చు.

మే నెల చివర్లో వెళ్లి బంచరాయి, అంటే ఊరి ఉమ్మడి మేత బీడు, చూడు. వానాకాలంలో ఏ నేలైనా పచ్చగానే ఉంటుంది. తంగేడు, వయ్యారిభామ తప్ప ఏమీ మిగల్లేదంటే మేత మితిమీరిందన్నమాట, ఆ రెంటినీ జీవాలు ముట్టవు కదా. పొదల మధ్య ఎండుగడ్డి మొదళ్లు మిగిలి, కింద మట్టి కదలకుండా ఉంటే, అక్కడ ఎవరో మనసుపెట్టి మేపుతున్నారు.

ఒకసారి ఓ కురుమ పెద్దాయన నన్ను కూర్చోబెట్టి గడ్డి దుబ్బు విప్పి చూపించాడు. మొదలు దగ్గర వేలెడంత తెల్లగా ఉంది. "ఇక్కడిదాకా కొరకనిస్తే మళ్లీ చిగురు పుట్టదు సారూ" అన్నాడు. నాలుగు వేళ్లు అడ్డంగా పెట్టి, అంత మిగలగానే మందను మళ్లిస్తానన్నాడు. కాలేజీలో నాకెవరూ ఇంత తేటగా చెప్పలేదు.

తొలకరి పడగానే ఏం చేస్తారో తప్పకుండా అడుగు. లేత పచ్చికమీదికి మందను ఒక్కసారిగా వదిలితే గడ్డి వేళ్లూనకముందే పోతుంది, జీవాలను ఉన్నట్టుండి చంపే చిటుకు రోగం కూడా వస్తుంది. ముందే టీకా వేయించుకుని, కొన్నాళ్లు చెట్టు ఆకులు, ఎండుమేతతో నెట్టుకొచ్చేవాడు గొర్రెనూ నేలనూ కాపాడుకుంటాడు. ఆ రోజుల్లో ఇంట్లో ఎంత టెన్షన్ ఉంటుందో ఆడవాళ్లను అడుగు, వాళ్లే సరిగ్గా చెబుతారు.

ఎండాకాలం వలసపోయిన మందలను "ఊళ్లో లేరు" అని జాబితాలోంచి తీసేయకు. వాళ్లు కోసిన వరిమళ్లలో మేపుకుంటూ తిరిగినన్నాళ్లూ ఊరి బీడుకు విశ్రాంతి దొరుకుతుంది. రాత్రిపూట మంద కట్టించుకున్న రైతు పొలానికి ఎరువూ దక్కుతుంది. ఆ రైతుల మాట కూడా విను. చేను తొక్కించకుండా వెళ్లిన కాపరి ఎవరో వాళ్లకు ఏళ్ల తరబడి గుర్తుంటుంది.

అమెరికాలో ఆల్డో లియోపోల్డ్ అనే ప్రకృతి సంరక్షకుడి పేరుమీద 2003 నుంచి నేలను బాగా చూసుకునే రైతులకు, పశుపాలకులకు అవార్డు ఇస్తున్నారు. ఆలోచన మంచిదే, కానీ ఉన్నదున్నట్టు మనకు నప్పదు. అక్కడ చాలామందికి సొంత భూమి ఉంటుంది. ఇక్కడ బంచరాయి అందరిదీ. ఒకడు మందను ఆపుకున్నా పక్కవాడు తోలితే అంతా పోయినట్టే. అందుకే నా మాట వింటే, ఒక్కరికి కాదు, కట్టుబాటు పెట్టుకుని ఒక పక్క బీడును మేపకుండా వదిలిపెట్టిన కాపరులందరికీ కలిపి ఇవ్వు.

శాలువా కప్పు, వద్దనను. దాంతోపాటు ఆ బంచరాయికి సర్వే చేయించి హద్దురాళ్లు పాతించు, ఒక నీళ్లతొట్టి కట్టించు. నేను ఉద్యోగంలో ఉండగా ఒక ఊళ్లో కాపరికి ఘనంగా సన్మానం చేశాం. రెండేళ్లలో ఆయన మేపే నేల సగం ఆక్రమణల్లో పోయింది. ఫోటో మాత్రం గోడమీద ఉంది. ఆ ఇంటికి వెళ్లినప్పుడల్లా నాకు తలెత్తబుద్ధి కాలేదు.

మే నెలలో బయల్దేరే ముందు ఫోన్ చెయ్యి, నేనూ వస్తాను. వలసపోయినవాళ్లు వానలకు తిరిగొచ్చాక మరోసారి వెళ్దాం. పొద్దున్నే, దొడ్లోంచి మందను వదలకముందే అక్కడుండాలి.

ఆశీస్సులతో,
మీ పెద్దమామయ్య