వాడిది అజాగ్రత్త కాదు, ముందు తిట్టడం మానండి

అమ్మలూ,

బాబుకి మళ్ళీ కాలు మడత పడిందని, మీ మామగారు "కళ్ళు ఎక్కడ పెట్టుకుని నడుస్తున్నావురా" అని కేకలేశారని, విసుగులో నువ్వూ ఓ మాట అన్నావని చెప్పావు కదా, అప్పటినుంచి నాకు మనసు మనసులో లేదు. డాక్టరు గారు నరాల పరీక్ష చేసి సీఎంటీ, అంటే షార్కో-మరీ-టూత్ అనే వంశపారంపర్యంగా వచ్చే నరాల జబ్బు అని తేల్చాక కూడా ఇంట్లో అందరూ వాడి ధ్యాస మీదే నింద వేస్తే ఆ పసివాడు ఎవరితో చెప్పుకుంటాడు? మీ అన్నయ్యని ఇదే జబ్బుతో పెంచి పెద్దచేసినదాన్ని కాబట్టి నాకు తెలిసినదంతా రాస్తున్నాను, మీ ఆయనకీ చదివి వినిపించు.

ముందు కాలు ఎందుకు మడత పడుతోందో అర్థం చేసుకో. ఈ జబ్బులో పొడవైన నరాలు ముందు దెబ్బతింటాయి, అంటే పాదాలకి వెళ్ళేవి. పిక్కకి బయటివైపు ఉండే కండరాలు, పాదాన్ని పైకెత్తే ముందువైపు కండరం తొందరగా నీరసిస్తాయి, పాదాన్ని లోపలికి లాగేవి మాత్రం చాలాకాలం గట్టిగానే ఉంటాయి. పందిరి రాటకి ఒకవైపు తాడు వదులైతే రెండోవైపుకి ఒరిగిపోదూ, అలాగే మడమ లోపలికి తిరుగుతుంది, అరికాలు మధ్యలో ఎత్తుగా లేస్తుంది, బరువంతా పాదం బయటి అంచు మీద పడుతుంది. దానికితోడు పాదం ఎటు వాలుతోందో తెలిపే స్పర్శ కూడా తగ్గుతుంది. చిన్న రాయి తగిలినా చీలమండ బయటికి మెలిపడిపోతుంది. కాబట్టి వాడు ఎంత చూసుకుని నడిచినా పడతాడు.

నమ్మకం లేకపోతే వాడి పాత బూట్లు తిరగేసి చూడు. మడమ దగ్గర బయటి అంచు ఒక్కటే అరిగిపోయి ఉంటుంది. తర్వాత వాణ్ణి గచ్చు మీద తిన్నగా నిలబెట్టి ఎదురుగా కూర్చో. మామూలు పిల్లలకి ముందునుంచి చూస్తే మడమ కనపడదు, వీడికి లోపలివైపు మడమ కండ తొంగి చూస్తుంది. రెండు కాళ్ళూ ఫోటో తీసి ఉంచు, ఆరు నెలలకోసారి పక్కపక్కన పెట్టి చూస్తే ముదురుతోందో లేదో నీకే తెలుస్తుంది, డాక్టరుకి కూడా నీ మాట కన్నా ఆ ఫోటో ఎక్కువ చెబుతుంది.

ఇక ఎవరి వైపునుంచి వచ్చిందన్న గొడవ. మీ అమ్మమ్మ పాదాలు గుర్తున్నాయా, వేళ్ళు ముడుచుకుపోయి, చెప్పు నిలవక ఎప్పుడూ ఉత్త కాళ్ళతోనే తిరిగేది? మనవైపు నుంచే వచ్చి ఉంటుంది, ఒప్పుకుందాం, అందులో సిగ్గుపడాల్సింది ఏముంది! ఎక్కువ మందికి వచ్చే రకంలో తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం ఉంటుంది, అది ఎవరి పాపమూ కాదు. 1886లోనే షార్కో, మరీ, టూత్ అనే ముగ్గురు డాక్టర్లు దీన్ని వివరించారు, సుమారు 2,500 మందిలో ఒకరికి ఉంటుందంటారు. వీధిలో వాళ్ళు పోలియో అంటే కాదని గట్టిగా చెప్పు. చంటిదాన్ని కూడా ఒకసారి డాక్టరుకి చూపించు.

నరాల బలానికని ఇంజెక్షన్లు, టానిక్కులు అమ్మేవాళ్ళ దగ్గరికి మాత్రం వెళ్ళకు. దీన్ని నయం చేసే మందు ఇంకా రాలేదు. ఆ డబ్బు మంచి బూట్లకి పెట్టు. నిజంగా చెబుతున్నాను, మనూళ్ళో ఈ పిల్లలకి మొదటి శత్రువు హవాయి చెప్పు. మడమకి పట్టు ఉండదు, వానాకాలంలో ఆ నల్లమట్టి బురదలో చెప్పు ఒకవైపు, కాలు ఒకవైపు పోతాయి. మడమ చుట్టూ గట్టిగా పట్టి ఉంచే బూటు, వెడల్పాటి అడుగు, లేసు గానీ వెల్క్రో గానీ ఉండాలి. డాక్టరు పట్టీయో, చీలమండనీ పాదాన్నీ పట్టి ఉంచే ఏఎఫ్ఓ అనే ప్లాస్టిక్ తొడుగో రాసిస్తే కొలతలు ఇచ్చి చేయించు, దాన్ని తొడిగి తీసుకెళ్ళాకే బూట్లు కొను, లేకపోతే సైజు చాలదు. మన ఉక్కలో చెమటకి ఒరుసుకుంటుంది కాబట్టి లోపల కాటన్ మేజోడు వేసి మధ్యాహ్నం బడిలో ఒకసారి మార్చుకోమను. తీశాక ఎర్రటి మచ్చ అరగంటకీ పోలేదంటే తొడుగు సరిపోవడం లేదని అర్థం, ఓర్చుకోమని చెప్పకు, తీసుకెళ్ళి సరిచేయించు. పిల్లాడు ఎదుగుతాడు, తొడుగు ఎదగదు.

రోజూ పిక్క సాగదీయించాలి. గోడకి చేతులు ఆన్చి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ నేల నుంచి లేవకుండా ముందుకి వంగడం, అంతే. పిక్క బిగుసుకుపోతే మడమ నేలకి ఆనదు, కాలు ఇంకా తొందరగా మెలిపడుతుంది. మంచం పట్టుకుని ఒంటికాలి మీద నిలబడే ఆట ఆడించు. బలానికి వ్యాయామాలు ఫిజియోథెరపిస్టు చూపించినట్టే చేయాలి, మరీ అలిసిపోయేలా వద్దు. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రం ఉంటే అక్కడా అడుగు. సైకిలు మంచిది, ఈత ఇంకా మంచిది. ఆడనివ్వకుండా ఇంట్లో కూర్చోబెడితే ఉన్న బలం కూడా పోతుంది.

ఈసారి బెణికితే నూనె రాసి మెలితిప్పే వాళ్ళకి, నాటుకట్టు వాళ్ళకి చూపించకు. ఐసుని గుడ్డలో చుట్టి కాసేపే పెట్టు, స్పర్శ తక్కువ కాబట్టి చర్మం దెబ్బతిన్నా వాడికి తెలియదు. నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే, గిలక ఎముక మీద నొక్కితే నొప్పంటే, ఎక్స్‌రే తీయించాల్సిందే. పట్టీలు వేసినా పదే పదే పడుతుంటే పిల్లల ఎముకల డాక్టరుకి చూపించు. పాదం బయటి అంచు కింద చిన్న చెక్కదిమ్మె పెట్టి నిలబెట్టి, మడమ ఇంకా తిన్నగా అవుతుందా, బిగుసుకుపోయిందా చూస్తారు. మెత్తగా ఉండగానే వెళ్తే కండరాన్ని ఎముకకి కలిపే స్నాయువుని చోటు మార్చే ఆపరేషన్‌తో సరిపోవచ్చు, బిగుసుకున్నాక ఎముక కోయాల్సి వస్తుంది. ఆపరేషన్ మాట వినగానే టెన్షన్ పడకు, తొందరా పడకు, ఇద్దరు డాక్టర్లని అడుగు. ఏ జబ్బుకి ఏ ఆసుపత్రికి వెళ్ళినా సీఎంటీ ఉందని ముందే చెప్పు, క్యాన్సర్‌కి వాడే విన్‌క్రిస్టిన్ లాంటి మందులు ఈ పిల్లలకి చాలా చేటు చేస్తాయి.

కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి వెళ్తానని వాడు ఏడుస్తున్నాడన్నావు. తీసుకెళ్ళండి. రోడ్డు మీద బూట్లు, తొడుగుతో నడవనివ్వండి, చేలగట్ల మీద మాత్రం వాళ్ళ నాన్న చెయ్యి వదలకూడదు, దారిలో కౌశిక ఏరు దాటాల్సి వస్తే ఎత్తుకోవాలి. ఇంటికొచ్చాక వెలుతురులో అరికాళ్ళు, వేళ్ళ సందులు కడిగి చూడు, ముల్లు గుచ్చుకున్నా, బొబ్బ లేచినా వాడంతట వాడు చెప్పడు.

పెద్దమ్మ