రొయ్యల చెరువు నీటిలో ఆక్సిజన్ ఎందుకు నిలవదు?

“నీటి అణువులోనే ఆక్సిజన్ ఉంది కదా, మరి నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల చెరువుల్లో రాత్రంతా ఏరేటర్లు (నీటికి గాలి పట్టించే యంత్రాలు) ఎందుకు తిప్పుతారు?” అని అడిగారు. మంచి ప్రశ్న.

నీటి అణువులోని ఆక్సిజన్ హైడ్రోజన్‌తో గట్టి రసాయన బంధంలో ఉంది. రొయ్య దాన్ని విడదీసుకోలేదు. దానికి కావలసింది నీటిలో కరిగిన ఆక్సిజన్ వాయువు. చిక్కంతా అక్కడే. నీటి అణువులు హైడ్రోజన్ బంధాలతో, అంటే పక్కపక్క అణువుల మధ్య ఉండే ఆకర్షణతో, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. ఆక్సిజన్ వాయువు అణువుకు ధ్రువత్వం (ఒక వైపు ధన, మరో వైపు రుణ ఆవేశం ఉండే గుణం) లేదు కనుక నీటితో దాని ఆకర్షణ చాలా బలహీనం. 30 డిగ్రీల దగ్గర లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. అదే గాలి తగిలే లీటరు మంచినీటిలో కరిగి నిలిచేది దాదాపు 7.5 మిల్లీగ్రాములే! 20 డిగ్రీల్లో అయితే 9 వరకు నిలుస్తుంది. వేడెక్కేకొద్దీ అణువుల కదలిక పెరిగి ఆ కాస్త పట్టూ సడలుతుంది. ఉప్పునీటిలో ఇంకా తక్కువ, ఎందుకంటే ఉప్పు అయాన్లు (విద్యుదావేశం ఉన్న కణాలు) నీటి అణువులను తమ చుట్టూ కట్టేసుకుంటాయి.

చెరువులో రొయ్యల వ్యర్థాల నుంచి పుట్టే అమ్మోనియా దీనికి పూర్తిగా భిన్నం. అది నీటితో హైడ్రోజన్ బంధాలు ఏర్పరచుకుని విపరీతంగా కరుగుతుంది. రైతును ఏడిపించే ఆ వాయువు ఏరేటర్లు తిప్పినంత మాత్రాన అంత సులభంగా వదలదు.

ఏరేటరు ఆక్సిజన్ పరిమితిని పెంచదు. నీటిని తుంపరలుగా చిమ్మి, గాలి తగిలే ఉపరితలాన్ని పెంచి, తగ్గిన ఆక్సిజన్‌ను త్వరగా భర్తీ చేస్తుంది. రాత్రి కిరణజన్య సంయోగక్రియ ఆగిపోయి నాచు కూడా ఆక్సిజన్‌ను వాడుకుంటుంది కాబట్టి తెల్లవారుజామునే, అదీ చెరువు అడుగున కొలిచి చూడాలి.