పాత ఇల్లు బాగుచేసుకోవడం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఎన్నో ఏళ్లుగా తాళం వేసి ఉన్న ఒక పాత పల్లెటూరి ఇంటిని కొన్నాము. ఇటుక, సున్నంతో కట్టిన మందపాటి గోడలు, కర్ర దూలాల మీద పెంకుల కప్పు. గోడలు కింది నుంచి మూడడుగుల ఎత్తు వరకు చెమ్మగా ఉండి పెచ్చులు ఊడుతున్నాయి. పాత పూతంతా కొట్టేసి సిమెంటు ప్లాస్టరింగు చేసి, పైన నీరు పట్టని రంగు వేస్తే చెమ్మ పోతుందనీ, మూడు నెలల్లో కాపురానికి దిగవచ్చుననీ కాంట్రాక్టరు చెబుతున్నారు. ఆయన చెప్పినట్టు చేయవచ్చునా? ఏ పని ముందు చేయించాలి?

జవాబు: సిమెంటు ప్లాస్టరింగుకు ఇంకా ఒప్పుకోకపోతే ఒప్పుకోవద్దని మిమ్మల్ని గట్టిగా కోరుతున్నాను. ఇప్పుడు మనం మామూలుగా వాడే సిమెంటుకు, అంటే పోర్ట్‌లాండ్ సిమెంటుకు, పేటెంటు వచ్చింది 1824లో. పల్లెల్లో ఆ తరువాత కూడా చాలాకాలం సున్నంతోనూ మట్టితోనూ ఇళ్లు కట్టారు. అటువంటి గోడకు నేల నుంచి వచ్చే తేమను అడ్డుకునే పొర ఉండదు. గోడ కొంత తేమను పీల్చుకుంటుంది, ఇటుకల మధ్య సున్నపు సందుల్లోంచీ పైపూతలోంచీ దానిని తిరిగి గాలిలోకి వదిలేస్తుంది. పీల్చుకునే దానికన్నా వదిలేది తక్కువ కానంత కాలం ఆ గోడకు ఏ ఢోకా ఉండదు.

సిమెంటు పూత ఈ రాకపోకలలో రెండవదానిని ఆపేస్తుంది. అది సున్నం కన్నా బిరుసుగా ఉంటుంది కనుక గోడ ఏమాత్రం కదిలినా సన్నటి నెర్రెలు విచ్చుకుంటుంది; ఆ నెర్రెల్లోంచి వాన నీరు లోపలికి పోతుందే కానీ, పూత చిక్కదనం వల్ల బయటికి ఆరిపోదు. దారి మూసుకుపోయిన తేమ గోడలో ఇంకా పైకి ఎక్కుతుంది, దానితో వచ్చిన ఉప్పు ఇటుక లోపలే గడ్డకట్టి ఇటుక ముఖాన్ని పిండి చేస్తుంది. మొదటి ఏడాది గోడ కళకళలాడుతూ కనిపిస్తుంది, అందుకే చాలామంది ఈ పనికి మొగ్గు చూపుతారు. కొన్నేళ్లకు ఆ సిమెంటు పలకలుగా ఊడేటప్పుడు ఇటుక పైపొరను కూడా లాక్కుని పోతుంది. అప్పుడు చేయవలసిన మరమ్మతు ఇప్పటి దానికన్నా చాలా పెద్దది.

కనుక మొదట తేల్చుకోవలసింది నీరు ఎక్కడి నుంచి వస్తున్నదన్న సంగతి. 100 చదరపు మీటర్ల కప్పు మీద 25 మిల్లీమీటర్ల వాన కురిస్తే 2,500 లీటర్ల నీరు చూరు నుంచి దిగుతుంది. అదంతా గోడ మొదట్లోనే పడి ఇంకుతున్నప్పుడు గోడకు ఏ మందు పూసినా ఫలితం ఉండదు. గట్టిగా వాన పడుతున్న సమయంలో గొడుగు వేసుకుని ఇంటి చుట్టూ నిదానంగా తిరగండి. చూరు నీళ్లు ఎక్కడ పడుతున్నాయి, పడిన చోటి నుంచి ఎటు పారుతున్నాయి, ఎక్కడ నిలుస్తున్నాయి, ఏ మూల గోడ మీదికి చిమ్ముతున్నాయి అన్నవి చూసి కాగితం మీద గుర్తు పెట్టుకోండి. ఎండలో ఎందరు వచ్చి చూసినా తెలియని విషయాలు ఆ అరగంటలో తెలుస్తాయి.

ఆ తరువాత బయటి నేల ఎత్తు చూడండి. పాత ఇళ్ల చుట్టూ ఏళ్ల తరబడి మట్టి పేరుకుంటుంది, ఎవరో ఒకరు దాని మీద గచ్చు కూడా చేయిస్తారు. చివరికి బయటి నేల లోపలి నేలతో సమానమవుతుంది, ఒక్కొక్కచోట దాన్ని మించిపోతుంది. బయటి నేల లోపలి నేలకన్నా కనీసం 6 అంగుళాలు దిగువన ఉండాలి, గోడ నుంచి దూరంగా మొదటి 10 అడుగులలో మరో 6 అంగుళాల వాటం ఉండాలి. గోడను ఆనుకుని సిమెంటు గచ్చు ఉంటే తీయించి, ఆ మేర కంకర పోయించడం మంచిది. అయితే పునాది ఎంత లోతున ఉన్నదో ఒకచోట తవ్వి చూడకుండా చుట్టూ మట్టిని ఒకేసారి లాగేయకూడదు. పునాది లోతు తక్కువైన ఇంటికి అది ప్రమాదం. నేల నుంచి ఎక్కే చెమ్మ సాధారణంగా మూడు, మూడున్నర అడుగులు దాటదు కనుక, మీ ఇంట్లో కనిపిస్తున్నది చాలావరకు ఈ నేలకు సంబంధించినదేనని అనుకోవచ్చు. చెమ్మ మచ్చ అంతకన్నా పైన ఉంటే కారణాన్ని కప్పులోనో, నీటి గొట్టంలోనో వెతకాలి.

పనుల వరుసకు వస్తే, ముందు కప్పు, తరువాత చూరు నీటి దారి, ఆ తరువాత నేల వాటం. ఇవి మూడూ అయ్యాక తలుపులూ కిటికీలూ తెరిచిపెట్టి గోడలను ఆరనివ్వాలి. అంగుళం మందం గోడ ఆరడానికి రమారమి ఒక నెల పడుతుందని ఒక మోటు లెక్క ఉంది. ఆ లెక్కన 18 అంగుళాల గోడ పూర్తిగా ఆరడానికి ఏడాది దాటుతుంది. గాలి రెండు వైపులా ఆడితే కొంత తగ్గుతుంది. మూడు నెలల గడువుకు నేను ఒప్పుకోలేకపోవడానికి ఇదే కారణం. ఈ ఎదురుచూపు వృథా కాదు, కర్ర పనీ, కరెంటు తీగలూ, నీటి గొట్టాలూ ఈలోగా పూర్తి చేసుకోవచ్చు.

పూత వంతు ఆ తరువాతనే వస్తుంది. పాత సున్నమంతా కొట్టించనక్కరలేదు. వేలి కణుపులతో గోడను తట్టుతూ వెళ్లండి: గట్టిగా పలికిన చోట వదిలేయండి, డొల్లగా పలికిన చోట మాత్రమే తీయించండి. ఇటుకల సందుల్లో చెడిపోయిన సున్నాన్ని సుమారు ఒక అంగుళం లోతు వరకు గీకించి, ఒక పాలు సున్నం, మూడు పాళ్లు గరుకు ఇసుక కలిపిన అడుసుతో నింపించండి. పూతకూ అదే పాళం సరిపోతుంది. సున్నపురాయిని 900 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాల్చినప్పుడు అందులోంచి పోయిన బొగ్గుపులుసు వాయువును, గోడ మీదికి చేరిన సున్నం గాలి నుంచి మళ్లీ తీసుకుని రాయిగా మారుతుంది. ఈ మార్పు నెలకు ఒక మిల్లీమీటరు వంతున చాలా నెమ్మదిగా సాగుతుంది. అందుకే పలుచని వరసలుగా వేయాలి, వేసేముందు గోడను తడపాలి, వేశాక కొన్నాళ్లు నేరుగా ఎండ, వడిగాలి తగలకుండా తడి గోనెపట్టాలు కట్టాలి. తొందరపెట్టి ఆరబెట్టిన సున్నం పిండిగా రాలుతుంది. పనివారికి కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరిగా ఇప్పించండి. తడి సున్నం కంట్లో పడితే చూపే పోవచ్చు. చివరి రంగుగా వెల్ల వేయించడం ఈ గోడకు అన్ని విధాలా మేలు.

మీ కాంట్రాక్టరును తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. ఆయన చేతికి అలవాటైన పద్ధతి కొత్త ఇళ్లకు సరిపోయేదే. సున్నం పని తెలిసిన మేస్త్రిని విడిగా వెతుక్కోండి, ఆయన దొరికేదాకా గోడ పని ఆపండి.

ప్రశ్న: మా పాత ఇంటి పెంకుల కప్పు నాలుగైదు చోట్ల కారుతోంది. మొత్తం తీసేసి కాంక్రీటు స్లాబు వేయించుకోమని బంధువులు సలహా ఇస్తున్నారు. గోడలు అడుగున్నర మందం ఉన్నాయి, బరువు ఆపుతాయి కదా అంటున్నారు.

జవాబు: మందం చూసి బలాన్ని అంచనా వేయకూడదు. కాంక్రీటు ఘనపు మీటరుకు సుమారు 2,400 కిలోలు తూగుతుంది. 5 అంగుళాల మందపు స్లాబు అంటే చదరపు మీటరుకు దాదాపు 300 కిలోలు. పెంకులు రకాన్ని బట్టి చదరపు మీటరుకు 40 నుంచి 80 కిలోల వరకు ఉంటాయి. ఇన్నేళ్లుగా తక్కువ బరువుకు కుదురుకున్న గోడల మీదా పునాది మీదా ఒక్కసారిగా అంత భారం మోపాలంటే ఇంజనీరు వచ్చి, పునాది తవ్వి చూసి, లెక్క కట్టి ఇవ్వవలసిందే.

కారడం నాలుగైదు చోట్లే అయితే అంతదాకా పోనవసరం లేదు. పగటిపూట గదిలో తలుపులు మూసి చీకటి చేసి పైకి చూడండి. వెలుతురు చుక్కలు కనిపించిన చోటల్లా పెంకు పగిలిందనో, జారిందనో అర్థం. నీరు కారిన చోటు, నీరు దిగిన చోటు ఒకటి కానక్కరలేదు, వాసం వెంట చాలా దూరం జారి వచ్చి పడుతుంది; అందువల్ల మచ్చ నుంచి పైకి, వాసం వెంబడే వెతకాలి. పెంకులు దించినప్పుడు మంచివాటిని విడిగా పేర్చి దాచండి. ఆ కొలతవి ఇప్పుడు దొరకడం కష్టం.

ప్రశ్న: గోడ మీద రెండు పగుళ్లు ఉన్నాయి. ఇంట్లో చేరడానికి భయంగా ఉంది.

జవాబు: పగులు పాతదా, ఇంకా కదులుతున్నదా అన్నది ముఖ్యం. రెండు కొసల దగ్గరా పెన్సిలుతో అడ్డగీత గీసి తేదీ రాయండి, మధ్యలో వెడల్పు కొలిచి రాసుకోండి, ఒక ఏడాది పాటు నెలకొకసారి చూడండి. 5 మిల్లీమీటర్ల లోపు వెడల్పు ఉండి కదలిక లేకపోతే సాధారణంగా అది చూడడానికి బాగుండని లోపం మాత్రమే, సున్నంతో పూడ్చుకోవచ్చు. అంతకు మించినా, పగులు పైకి పోయేకొద్దీ వెడల్పవుతున్నా, దాని పక్క తలుపు ఈమధ్యనే పట్టేస్తున్నా ఏడాది ఆగకుండా ఇంజనీరును పిలవండి.

ప్రశ్న: దూలాలకు చెద పట్టింది. అన్నీ తీసేసి ఇనుప దూలాలు వేయించాలా? మందు కొట్టిస్తే చాలునా?

జవాబు: దూలంలో మొదట చెడేది గోడలోకి చొచ్చుకున్న కొస. పైకి నునుపుగా కనిపించే దూలానికి కూడా అక్కడ గుల్లతనం ఉండవచ్చు. స్క్రూడ్రైవరు తీసుకుని కొసల దగ్గర గట్టిగా గుచ్చి చూడండి. బాగున్న కర్రలో మొన అర అంగుళం కూడా దిగదు. చెడిన కర్రలో పిడి దాకా మెత్తగా దిగిపోతుంది, బయటికి లాగినప్పుడు గోధుమరంగు పొడి వస్తుంది. ప్రతి దూలాన్నీ ఇలా పరీక్షించి, మంచిదో చెడ్డదో సుద్దతో దాని మీదే రాయండి. అప్పుడు మార్చవలసినవి మీరు భయపడినన్ని ఉండకపోవచ్చు. కొస మాత్రమే చెడితే అంతవరకు కోసి, బాగా ఎండిన అదే జాతి కర్రను ఏటవాలు అతుకుతో, బోల్టులతో బిగించే పని తెలిసిన వడ్రంగులు ఉన్నారు. కోసే ముందు దూలానికి కింద పోట్లు పెట్టించడం మరువకండి.

మందు ఒక్కటే చాలదు. కర్రలో తేమ సుమారు 20 శాతం దాటితేనే దానిని కుళ్లబెట్టే బూజు పెరుగుతుంది. నేలలో పుట్టపెట్టే చెదలకూ తేమ కావాలి, అవి మట్టి గొట్టాలు కట్టుకుంటూ నేల నుంచి గోడ మీదుగా ఎక్కుతాయి. కప్పు కారకుండా, గోడ చెమ్మ లేకుండా చేసి, ఆ మట్టి గొట్టాలను రాల్చి, నేల దగ్గర మందు వేయిస్తే ఆ మందు పనిచేస్తుంది. కొత్త కొసను గోడలో పెట్టేటప్పుడు చుట్టూ గాలి ఆడేంత సందు వదలండి, అడుసుతో బిగించవద్దు. ఇనుమూ తడి గోడలో తుప్పుపట్టి ఉబ్బి ఇటుకను పగలగొడుతుంది కనుక, దూలం మార్చినంత మాత్రాన ఆ చిక్కు తీరదు.

ప్రశ్న: అద్దె భారం తప్పించుకోవడానికి, పనులు నడుస్తుండగానే రెండు గదుల్లో కాపురం పెడదామనుకుంటున్నాము. మాకు ఎనిమిది నెలల పాప ఉంది. పెరట్లో బావి ఉంది, కరెంటు ఉంది.

జవాబు: మీ ఇబ్బంది అర్థమవుతోంది, అయినా పాపతో వెళ్లే ముందు మూడు విషయాలు తేలాలి. మొదటిది పాత రంగు. 1970లకు ముందటి రంగుల్లో సీసం సర్వసాధారణం, చాలా దేశాల్లో ఆ తరువాత కూడా వాడారు. సీసం ఇంత వరకు ఒంట్లో చేరినా ఫరవాలేదనదగిన హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతోంది. తలుపులు, కిటికీల రంగును పొడిగా ఉప్పుకాగితంతో రుద్దినా, మంటతో కాల్చినా ఆ దుమ్ము, పొగ ఇల్లంతా పరుచుకుంటాయి. పాకే పాప చేతులకు అంటుకుని నోట్లోకి పోతాయి. పరీక్ష చేయించండి, సీసం ఉంటే గీకే పని అంతా ముగిసి, తడిగుడ్డతో ఇల్లంతా తుడిచే వరకు పాపను ఆ ఇంట్లో ఉంచకండి.

రెండవది బావి నీరు. మలసంబంధమైన క్రిములకూ, నీటిలో కరిగి ఉండే నైట్రేటు అనే లవణానికీ విడివిడిగా పరీక్ష చేయించాలి. క్రిములు మరిగిస్తే చస్తాయి. నైట్రేటు మరిగించినా పోకపోగా, నీరు ఇగిరిన కొద్దీ చిక్కబడుతుంది. లీటరుకు 50 మిల్లీగ్రాములు దాటిన నీటితో పాలు కలిపి పట్టడం పసిపిల్లలకు ప్రాణాంతకం కావచ్చు. మరుగుదొడ్డి ట్యాంకు బావికి కనీసం 50 అడుగుల దూరంలో ఉందో లేదో కూడా కొలవండి. 100 అడుగులు ఉంటే మరింత నిశ్చింత.

మూడవది కరెంటు. చెక్కపట్టీల మీద పోయిన పాత రబ్బరు తొడుగు తీగలైతే అవి పెళుసెక్కి, ముట్టుకుంటేనే రాలే స్థితిలో ఉంటాయి. ఆ రెండు గదుల వరకైనా కొత్త తీగలు లాగించి, సరైన ఎర్తింగు పెట్టించి, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటును ఆపేసే బ్రేకరు బిగించిన తరువాతనే సామాను దించండి. ఈ మూడూ కుదిరితే, దుమ్ము రేగే పని జరిగే వైపు నుంచి మీ గదుల్లోకి వచ్చే తలుపును మూసి, సందులకు అంటుపట్టీ వేసి, మీ రాకపోకలకు వేరే గుమ్మం ఏర్పాటు చేసుకుని ఉండవచ్చు.