సెలవు రోజున కూడా ఖాళీగా కూర్చోలేకపోతున్నాను, ఎందుకు?

మా వదినదీ ఇదే సమస్య. విజయనగరంలో బ్యాంకు మేనేజరు, మొన్న ఆదివారం మధ్యాహ్నం ఫ్యానేసుకుని మంచం మీద వాలింది, పది నిమిషాలు కాలేదు, లేచిపోయి ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తంది. ఎందుకంటే మా అమ్మ గుమ్మంలోకొచ్చి "ఏటమ్మా, ఒంట్లో బాగోలేదా?" అనడిగింది. అమ్మ ప్రేమగానే అడిగింది లెండి, కానీ ఆడమనిషి పడుకోవాలంటే జ్వరమైనా ఉండాలన్నట్టే కదా.

జనం రోజులో దేనికెంత సమయం పెడతారో కేంద్ర ప్రభుత్వం లెక్కేసిన 2024 టైమ్ యూజ్ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్ళకి దానికే రోజుకి సగటున 289 నిమిషాలు పోతున్నాయి, మగవాళ్ళకి 88. ఉద్యోగం వేరే. పైగా చిన్నప్పట్నుంచి ఫస్ట్ ర్యాంకు తెస్తేనే మెచ్చుకోలు దొరికినోళ్ళకి ఏ పనీ చెయ్యని గంటంటే ఏదో తప్పు చేసినట్టే ఉంటది, ఒళ్ళు ఆగినా బుర్ర ఆగదు, గ్యాస్ బుక్ చేశానా, పిల్లాడి ఫీజు కట్టానా, రేపు ఆడిట్ కాగితాలెక్కడ అని తిరుగుతూనే ఉంటది. పక్కవాళ్ళు "చెప్తే నేను చేద్దును కదా" అంటారు, ఆ గుర్తుపెట్టుకుని చెప్పడమే సగం పని.

వదినకి కుదిరిందొకటే, సాయంత్రం ఫోన్ ఇంట్లో పడేసి పెద్దచెరువు వైపు అరగంట నడక. ఇంట్లో ఉంటే పని కంటికి కనిపిస్తూనే ఉంటది మరి.