మా మామ్మది పిల్లి పక్షం

పాత కార్టూన్లలో బాగా నచ్చినవేవి, డెబ్భై ఎనభై ఏళ్ల తర్వాత కూడా అవి ఎందుకు నవ్విస్తున్నాయి అని అడిగారు. మొదటిదానికి జవాబు తేలిక: టామ్ అండ్ జెర్రీ, రోడ్ రన్నర్, పొపాయ్. రెండోదానికి జవాబు చెప్పాలంటే మిమ్మల్ని కాసేపు మా ఊరు తీసుకెళ్లాలి.

మాది కోనసీమలో అంబాజీపేటకు దగ్గరి పల్లె. మన దేశంలో కార్టూన్ నెట్‌వర్క్ 1995లో మొదలైంది. మా వీధికి కేబుల్ వచ్చిందీ ఇంచుమించు అప్పుడే. అప్పట్లో రోజంతా కార్టూన్లు ఉండేవి కావు. రాత్రయ్యేసరికి అదే ఛానల్లో పాత ఇంగ్లీషు సినిమాలు మొదలయ్యేవి, నేను ఏడుపు మొహంతో అన్నానికి లేచేవాణ్ణి. అంతవరకూ టీవీ ముందు నాకు తోడు మా మామ్మ. ఆవిడకు తెలుగే కూడబలుక్కుని చదవడం వచ్చు. ఇంగ్లీషు, హిందీ ఊసే లేదు. అయినా టామ్ అండ్ జెర్రీలో ఆవిడకు అర్థం కానిదంటూ ఉండేది కాదు.

ఒక్క విషయంలోనే మా ఇద్దరికీ పడేది కాదు. నేను జెర్రీ వైపు, ఆవిడ పిల్లి వైపు.

"ఎలుకను గెలిపిస్తారేమిట్రా, వీళ్లకు వ్యవసాయం లేదా?" అనేది.

డెల్టాలో పుట్టినవాళ్లకు ఈ మాట వివరించక్కర్లేదు. వరి పొట్ట మీద ఉన్నప్పుడు ఎలుక దుబ్బులు కొరికేస్తే ఆ చేను సంగతి అంతే. గట్ల వెంట బుట్టలు పెట్టి ఎలుకలు పట్టేవాళ్లు ప్రత్యేకంగా ఉండేవారు. పట్టినదానికి ఇంత అని కూలి. కొబ్బరి చెట్టెక్కి లేత కాయలకు కన్నాలు పెడతాయని మాను చుట్టూ రేకులు కొట్టేవారు. ఇన్ని చూసిన మనిషికి జెర్రీ ముద్దుగా ఎలా కనిపిస్తుంది?

ఆవిడ అన్నదాంట్లో నిజం ఉందని నాకు చాలా ఏళ్లకు తెలిసింది. విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా ఈ జంటతో తీసిన మొట్టమొదటి చిత్రం 1940 ఫిబ్రవరిలో వచ్చింది. అందులో పిల్లి పేరు ఇంకా టామ్ కాదు, జాస్పర్. కథ ఏమిటంటే, ఇంకొక్క వస్తువు పగిలిందా ఇంట్లోంచి గెంటేస్తానని పనామె పిల్లికి చెబుతుంది. ఆ మాట ఎలుక చెవిన పడుతుంది. ఇక అది దొరికిన గాజు సామానల్లా కింద పడేయడానికి చూడటం, పిల్లి పరుగెత్తి పరుగెత్తి పట్టుకోవడం. అంటే పిల్లికి పోయేది కూడూ గూడూ, ఎలుకకు పోయేది ఏమీ లేదు. అందుకే ఎప్పుడు చూసినా ఆశ, దిగులు, అవమానం, దొంగ వినయం అన్నీ టామ్ ముఖంలోనే పలుకుతాయి. జెర్రీకి ముసిముసి నవ్వు తప్ప పెద్ద నటన లేదు. గెలిచేది ఎలుకే అయినా మనం చూస్తూ కూర్చునేది పిల్లిని. మామ్మ ఈ సంగతి మొదటి వారంలోనే కనిపెట్టేసింది.

ఆవిడ టామ్‌ను పేరుతో పిలిచేది కాదు, జుట్టుపోలిగాడు అనేది. చిన్నప్పుడు రాత్రుళ్లు తెల్లవార్లూ తోలుబొమ్మలాట చూసిన తరం. కాకినాడ వైపు మాధవపట్నంలో ఇప్పటికీ ఆ కళాకారుల కుటుంబాలున్నాయి. రామాయణం మధ్యలో బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చి కొట్టుకుంటే జనం పడిపడి నవ్వేవారట. తెర వెనక ఆడించేవాళ్లు కాళ్ల కింద చెక్కపలకలు పెట్టుకుని, దెబ్బ పడే క్షణానికి సరిగ్గా తొక్కుతారు, ఠాప్ మని. "చెక్క తప్పితే నవ్వు రాదు" అని మామ్మ ఒకసారి అంది. పాత కార్టూన్ల గురించి ఇంతకంటే పనికొచ్చే విమర్శ నేను చదవలేదు.

హాలీవుడ్‌లో ఆ చెక్క తొక్కినవాడు స్కాట్ బ్రాడ్లీ. ఎం.జి.ఎం. స్టూడియోలో టామ్ అండ్ జెర్రీకి సంగీతం ఆయనదే. పూర్తి వాద్యబృందంతో, పిల్లి మునివేళ్ల మీద నడిస్తే అడుగడుక్కీ ఒక స్వరం, జారిపడితే స్వరాలన్నీ జారుడు. మాటలు లేని లోటు ఎక్కడా తెలియదు. టామ్ పెట్టే ఆ గావుకేక మాత్రం చాలా చిత్రాల్లో స్వయంగా హన్నాదే.

ఒక్కటే చూడగలిగితే 1947లో వచ్చిన పియానో కచేరీ చూడండి, ఆస్కార్ కూడా వచ్చింది. టామ్ తోక కోటు తొడుక్కుని, మహా విద్వాంసుడి దర్జాతో వేదిక మీదికి వస్తాడు. వాయించేది ఫ్రాంజ్ లిస్ట్ రెండో హంగేరియన్ రాప్సొడీ. పియానో లోపల తీగల్ని కొట్టే సుత్తుల మీద జెర్రీ నిద్రపోతుంటాడు. మెట్టు నొక్కగానే సుత్తి లేస్తుంది, సుత్తితో పాటు జెర్రీ కూడా ఎగురుతాడు. టామ్ ఇది గమనించి, కళ్లు అరమోడ్చి, కచేరీ ఏమాత్రం చెడకుండా వేలితో జెర్రీని అలా పక్కకు మీటేస్తాడు. ఇక్కడ చూడాల్సింది ఆ ముఖం. సభ ముందు పరువు పోకూడదు, ఎలుకను వదలకూడదు. పెళ్లిలో పీటల మీద కూర్చున్నవాడికి చీమ కుట్టినట్టు ఉంటుంది. తర్వాత జెర్రీ మెట్ల స్థానంలో ఎలుకల బోను పెట్టడం, టామ్ వేలు అందులో పడటం, అయినా పాట ఆగకపోవడం. మామ్మ ఈ ఘట్టానికి కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకునేది.

ఫోన్లో దీన్ని ఒక్కో ఫ్రేము ఆపి చూశానొకసారి. సెకనుకు 24 ఫ్రేములు; ఏడు నిమిషాల చిత్రమంటే పది వేలకు పైమాటే. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపినా సెకనుకు పన్నెండు బొమ్మలు, అన్నీ చేత్తో వేసి, పారదర్శకమైన సెల్యులాయిడ్ పలకల మీద రంగులద్దినవే. దెబ్బ తగలడానికి ముందు ఫ్రేముల్లో టామ్ శరీరం రబ్బరులా సాగి ఉంటుంది, తగిలాక నొక్కిన పూరీలా అయి ఉంటుంది. విడిగా చూస్తే వికారం, కదిలితే ప్రాణం. ఇంత పనికి డబ్బులు గిట్టుబాటు కాకే 1957లో ఎం.జి.ఎం. కార్టూన్ విభాగం మూతపడింది. హన్నా, బార్బెరాలు టీవీకి మళ్లి ఫ్లింట్‌స్టోన్స్, స్కూబీ-డూ లాంటివి తీశారు. అక్కడ మనిషి కదలడు, నోరు కదులుతుంది, వెనక అదే కిటికీ మళ్లీ మళ్లీ వస్తుంది. స్కూబీ-డూ నాకూ ఇష్టమే, కానీ దాన్ని మామ్మ పక్కన కూర్చుని చూడలేదు. మాటలు తెలియకపోతే అందులో మిగిలేది తక్కువ.

రోడ్ రన్నర్ సంగతి వేరు. చక్ జోన్స్ 1949లో మొదలుపెట్టిన ఈ కథలన్నీ అమెరికా ఎడారి కొండల్లో. మేమేమో కొండ అన్నదే లేని నేలవాళ్లం. మాకు ఎత్తంటే ఏటిగట్టు, ఇంకా ఎత్తంటే కొబ్బరిచెట్టు. కయోటీ అనే ఆ జంతువును మేము నక్క అనే అనుకున్నాం. అది రోడ్ రన్నర్ అనే ఆ పక్షి వెంటపడి కొండ చివర దాటి గాల్లోకి వెళ్లిపోతుంది, అయినా పడదు. నిలబడుతుంది. కిందికి చూస్తుంది. మన వైపు ఒక దీనమైన చూపు విసిరి, అప్పుడు పడుతుంది. ఎక్కడో అడుగున చిన్న దుమ్ము పొగ.

ఒకరోజు కొబ్బరి దింపు తీయడానికి వచ్చినాయన మజ్జిగ తాగుతూ అరుగు మీంచి దీన్ని చూశాడు. మేము నవ్వాం, ఆయన నవ్వలేదు. "అంతే బాబూ. కింద చూడకూడదు, చూస్తేనే పడతాం" అన్నాడు, చాలా సహజంగా, తన పని గురించి మాట్లాడుతున్నట్టు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ తర్వాత దింపుకు వచ్చినప్పుడల్లా "నక్క వస్తోందా?" అని అడిగేవాడు.

పొపాయ్ గురించి ఒక్క మాటే. అతను బలం కోసం తినేది పాలకూర అని నాకు కాలేజీలో తెలిసింది. బచ్చలికూర అని మా అమ్మ చెబితే నమ్మి రెండేళ్లు తిన్నాను.

ఇవి పిల్లలకు కొట్టుకోవడం నేర్పుతాయని కొందరు అంటారు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమను ఊడ్చేసింది, వెయ్యి మందికి పైగా పోయారు. మా దొడ్లో చెట్లు తలో దిక్కుకు పడ్డాయి. కరెంటు వచ్చేసరికి వారాలు పట్టింది. వచ్చిన రోజు టీవీ పెడితే టామ్ మీద ఏదో కూలింది, కాగితంలా చదునై మళ్లీ లేచాడు. దొడ్లో ఏది లేవదో మాకు అప్పటికే తెలుసు. ఆ తేడా తెలియని పిల్లవాడు మా వీధిలో ఒక్కడూ లేడు. మామ్మ ఆరోజు కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా.

అన్నీ చూడమని మాత్రం చెప్పను. హన్నా, బార్బెరాలు తీయగా 1958 వరకు విడుదలైన 114 చిత్రాలతో మొదలుపెట్టండి, ఏడు ఆస్కార్లు వచ్చింది వాటికే. అందులోనూ నల్లజాతివారిని వెక్కిరించే పాత హాస్యం కొన్నిచోట్ల ఉంది. పేలుడు తర్వాత ముఖం నల్లబడే సన్నివేశాల అర్థం అప్పుడు మాకు తెలియదు, ఇప్పుడు తెలిశాక నవ్వు రాదు. జీన్ డైచ్ 1961-62లో ప్రాగ్‌లో తీసిన పదమూడూ వింతగా ఉంటాయి, శబ్దాలు నూతిలోంచి వచ్చినట్టు. చిన్నప్పుడు అవి వస్తే ఏదో జ్వరం వచ్చినట్టనిపించేది. తర్వాత చక్ జోన్స్ చేసిన 34లో టామ్ కనుబొమలు లావెక్కాయి, బొమ్మ అందంగా ఉంటుంది, పిల్లికి ఆకలే తగ్గింది.

మా అమ్మాయికి ఇప్పుడు ఆరేళ్లు. పియానో కచేరీ వారానికి నాలుగుసార్లు పెట్టించుకుంటుంది. అది జెర్రీ పక్షం. హైదరాబాదులో పుట్టింది, ఎలుక కొట్టిన కొబ్బరికాయ ఇంకా చూడలేదు.