పది వేలలోపు పాత ఫిల్మ్ కెమెరా కొంటే ఫొటోలు తీయడం మెరుగవుతుందా?

డిజిటల్ కెమెరా కొని మూడేళ్లయినా ఆటో మోడ్ దాటలేకపోతున్నానని, పది వేలలోపు సెకండ్‌హ్యాండ్ ఫిల్మ్ కెమెరా కొంటే ఫొటోగ్రఫీ వస్తుందా, వస్తే ఏది కొనాలి అని అడిగారు. నాకైతే వచ్చింది. కానీ కెమెరాతో పాటు సంచిలో ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకున్నాకే వచ్చింది. పుస్తకం లేకుండా తీసిన మొదటి మూడు రీళ్లలో నేను నేర్చుకున్నది దాదాపు ఏమీ లేదు.

2018లో హైదరాబాద్ కోఠీలో, బ్యాంక్ స్ట్రీట్ దగ్గర ఒక పాత దుకాణంలో పెంటాక్స్ కె1000 కొన్నాను. 50 ఎం.ఎం. లెన్స్‌తో కలిపి 7,500 రూపాయలు. పండక్కి మా ఊరు రాజమండ్రి వెళ్లినప్పుడు సాయంత్రం పుష్కర ఘాట్ మెట్ల మీద నాన్నగారిని నిలబెట్టి ఒక ఫొటో తీశాను. మా ఊరికి గోదావరి పడమటి వైపున ఉంటుంది కాబట్టి పొద్దు నది మీదే వాలుతుంది. కెమెరాలో వెలుగును కొలిచే మీటర్ సూది మధ్యకు తెచ్చి నొక్కాను. పది రోజుల తర్వాత రీలు కడిగించి చూస్తే ఆకాశం, నీళ్లు, ఆర్చ్ బ్రిడ్జి అన్నీ చక్కగా ఉన్నాయి, నాన్నగారి ముఖం మాత్రం బొగ్గులా ఉంది. మళ్లీ తీద్దామంటే అప్పటికి నేను హైదరాబాద్ వచ్చేశాను.

అదే డిజిటల్ అయితే వెనక తెర చూసుకుని, ఇంకో నాలుగు తీసి, నల్లగా వచ్చినవి చెరిపేసేదాన్ని. ఎందుకు నల్లగా వచ్చిందన్న ప్రశ్నే పుట్టేది కాదు. పది రోజులు ఎదురుచూసి, డబ్బు కట్టి తెచ్చుకున్న ఫొటో కాబట్టి ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. తర్వాత తెలిసింది, కె1000 మీటరు ఫ్రేమ్ మొత్తంలోని వెలుగును కలిపి సగటు చూస్తుంది. వెనక అంత ఆకాశం మెరుస్తుంటే చాలా వెలుగు ఉందనుకుని తక్కువ ఎక్స్‌పోజర్ (ఫిల్మ్ మీద పడే వెలుగు) చాలని చెప్పింది, నేను నమ్మాను. అప్పటినుంచి ఎదురెండలో మనిషిని తీయాలంటే దగ్గరికి వెళ్లి ముఖం మీదే మీటర్ చూసి, ఆ అపర్చర్ (లెన్స్ రంధ్రం ఎంత తెరుచుకోవాలన్నది), ఆ షట్టర్ స్పీడ్ (ఎంతసేపు వెలుగు పడాలన్నది) కదపకుండా వెనక్కి వచ్చి తీస్తాను. దగ్గరికి వెళ్లే వీలు లేకపోతే మనిషి మీద పడే వెలుగులోనే నా అరచేతిని పెట్టి కొలిచి, ఒక స్టాప్ ఎక్కువ, అంటే రెట్టింపు వెలుగు ఇస్తాను. తెల్ల పంచె, తెల్ల గోడ ఫ్రేమ్ నిండా ఉన్నా ఇదే గొడవ: మీటర్ దాన్ని బూడిద రంగు చేసి పెడుతుంది.

ఈ సంగతి నాకు పట్టుబడింది పుస్తకం వల్లే. ప్రతి ఫొటోకీ ఒక గీత: ఫ్రేమ్ నంబరు, అపర్చర్, షట్టర్ స్పీడ్, వెలుగు ఎటునుంచి వస్తోంది. పది సెకన్ల పని. ల్యాబ్ నుంచి నెగెటివ్‌లు వచ్చాక వరసగా పక్కన పెట్టుకుని చూస్తే తప్పులన్నీ ఒకే తీరులో కనిపిస్తాయి. 1/30 సెకను దగ్గర నా చేయి వణుకుతుందని, దగ్గరి మనిషిని ఎఫ్/2లో, అంటే అపర్చర్ బాగా తెరిచి తీసినప్పుడల్లా ఫోకస్ కంటి మీద కాకుండా చెవి దగ్గర పడుతోందని అలాగే తెలిసింది. ఫిల్మ్ మీద ఫొటోతో పాటు ఈ వివరాలేవీ నమోదు కావు, మనమే రాసుకోవాలి. చేత్తో రాసుకున్నది గుర్తుండిపోతుంది కూడా.

ఇక ఏది కొనాలి. మీటర్ పనిచేస్తూ, షట్టర్ మాత్రం బ్యాటరీ లేకుండా నడిచే కెమెరా కొనండి. కె1000 1976 నుంచి 1997 వరకు తయారైంది, అందులో సెల్లు మీటర్‌కి మాత్రమే. సెల్లు అయిపోయినా ఫొటో పడుతుంది. మీటర్‌కి స్విచ్ లేదు కాబట్టి వాడనప్పుడు లెన్స్‌కి మూత పెట్టి ఉంచాలి. మీ డిజిటల్ నికాన్ అయితే నికాన్ ఎఫ్ఎం10 చూడండి. అది కూడా మెకానికల్ షట్టరే, దాని లెన్స్‌ని మీ డి.ఎస్.ఎల్.ఆర్.కి కూడా తగిలించుకోవచ్చు, ఫోకస్ మాత్రం చేత్తో తిప్పుకోవాలి. కానన్ ఏఈ-1 అందంగా ఉంటుంది, అందరూ అడుగుతారు, అందుకే ధర కూడా ఎక్కువ చెబుతారు. బ్యాటరీ లేకపోతే దాని షట్టర్ కదలదు. దాని ఎఫ్‌డి లెన్స్‌లు ఇప్పటి కానన్ డి.ఎస్.ఎల్.ఆర్.లకి నేరుగా పట్టవు. మొదటి కెమెరాగా నేనైతే వద్దంటాను.

చవకగా రష్యన్ జెనిట్‌లు కూడా దొరుకుతాయి. జెనిట్-ఇతో వచ్చే హీలియోస్ 58 ఎం.ఎం. లెన్స్ నాకు చాలా ఇష్టం. కానీ ఆ కెమెరా షట్టర్ 1/30 నుంచి 1/500 వరకే, సెల్లు లేకుండా వెలుగుతోనే నడిచే సెలీనియం మీటర్లు చాలావాటిలో ఈపాటికి బలహీనపడి ఉంటాయి. తప్పు మీదా మీటర్‌దా అన్నది తెలియకపోతే నేర్చుకునేదెలా?

కొనేటప్పుడు తొందరపడకండి. వెనక తలుపు తెరిచి, లెన్స్ తీసి, షట్టర్‌ని ఒక సెకను మీద పెట్టి నొక్కండి. మనసులో ‘ఒకటి’ అనుకునేంతసేపు తెరుచుకుని ఉండాలి. నెమ్మది స్పీడ్‌లలో మధ్యలో ఆగిపోతే లోపల గ్రీజు గట్టిపడిందన్నమాట, సర్వీసింగ్ ఖర్చు మీ నెత్తిన పడుతుంది. తర్వాత 1/1000 మీద పెట్టి, తలుపు తెరిచే ఉంచి వెలుగు వైపు చూస్తూ నొక్కండి. క్షణకాలం వెలుగు మెరవాలి, చీకటే కనిపిస్తే వద్దు. తలుపు అంచుల్లో ఉండే నల్ల నురగ వేలికి జిగటగా అంటుకుంటే మార్పించాలి. అది చిన్న ఖర్చే, కానీ మార్చకపోతే రీలు లోపలికి వెలుగు దూరుతుంది. సెల్లు పెట్టే గూట్లో పచ్చటి తుప్పు ఉందేమో చూడండి. అన్నిటికన్నా ముఖ్యం, లెన్స్ వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి ముందు నుంచి చూడండి. సాలెగూడులా సన్నటి దారాలు కనిపిస్తే అది ఫంగస్. మన కోస్తా ఊళ్లలో చెమ్మకి బీరువాలో ఏళ్లతరబడి పడి ఉన్న లెన్స్‌లకి ఇది తరచూ పడుతుంది. ఆన్‌లైన్‌లో ఫొటోలు చూసి నేను కొన్న రెండో లెన్స్‌కి ఇలాగే పట్టింది. అమ్మినాయన ‘దుమ్ము మాత్రమే’ అన్నాడు. శుభ్రం చేయించినా కోటింగ్ మీద మచ్చ పోలేదు. అందుకే చేత్తో పట్టుకుని చూడకుండా కొనొద్దని గట్టిగా చెబుతున్నాను.

డబ్బు లెక్క కూడా చూసుకోండి. నేను చివరిసారి కొన్నప్పుడు కలర్ రీలు, కడిగించి స్కాన్ చేయించడం, కొరియర్ అన్నీ కలిపి 1,500 దాటింది. 36తో భాగిస్తే ఒక్కో ఫొటో నలభై రూపాయల పైమాటే. నెలకో రీలు మించి పెట్టుకోకండి. బ్లాక్ అండ్ వైట్ రీలు ఇంట్లోనే కడుక్కుంటే ఖర్చు తగ్గుతుంది, చీకట్లో ట్యాంకులోకి ఎక్కించడం రెండు మూడుసార్లకి అలవాటవుతుంది. కాకపోతే డి-76 లాంటి డెవలపర్‌కి (రీలు కడిగే రసాయనానికి) సాధారణంగా 20 డిగ్రీల దగ్గర సమయాలు చెబుతారు. మన వేసవిలో కుళాయి నీళ్లే అంతకన్నా చాలా వేడి, ఐసు ముక్కలతో చల్లార్చుకోవాల్సిందే.

నా మొదటి రీలు మొత్తం ఖాళీగా వచ్చింది. ఎక్కించేటప్పుడు ఫిల్మ్ కొస కుడివైపు కడ్డీకి పట్టలేదు, నేను 36 సార్లు గాలికే తిప్పాను. లీవర్ తిప్పినప్పుడల్లా ఎడమవైపు రివైండ్ పిడి కూడా తిరుగుతోందా అని చూసుకోండి. తిరగకపోతే ఫిల్మ్ కదలడం లేదు.

కొనేముందు ఒక నెల ఇది చేసి చూడండి. మీ డిజిటల్ కెమెరానే మాన్యువల్‌లో, ఐ.ఎస్.ఓ. (వెలుగుకు ఎంత స్పందించాలన్న అంకె) 200 మీద పెట్టి, తెర మీద నల్ల టేప్ అంటించి, వారానికి 36 ఫొటోలే తీయండి. పుస్తకంలో రాసుకుంటూ, ఆదివారం వరకు చూడకుండా. ఆ ఎదురుచూపు మీకు నచ్చితే కోఠీకి వెళ్లండి. మొదటి రీలుగా 200 ఐ.ఎస్.ఓ. కలర్ నెగెటివ్ తీసుకోండి, కాస్త వెలుగు ఎక్కువైనా అది ఓర్చుకుంటుంది, తక్కువైతేనే కష్టం. అందులో పది ఫ్రేములు ఇంట్లో కిటికీ పక్కన కూర్చున్న ఒకే మనిషికి కేటాయించి, ఒక్కో ఫ్రేమ్‌కి అపర్చర్, షట్టర్ స్పీడ్‌లలో ఒక్క అంకె మాత్రమే మార్చి తీయండి.