16 ఎపిసోడ్ల పండగ

పోయిన నెల ఈ పేజీలో ఊరికే నోరు జారి ఒక మాట అనేసినా, మనకి పెళ్లయినాక పదహారు రోజుల పండగ, కొరియా వాళ్ళకి పెళ్లికి ముందే 16 ఎపిసోడ్ల పండగ అని. దానికే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదబ్బా, తిరుపతి, చిత్తూరు, శ్రీకాళహస్తి, కుప్పం, అంటే ఇంటికొకరు ఆ కొరియా ప్రేమ సీరియళ్ళు గుట్టుగా చూస్తానే ఉన్నారన్నమాట. చోటున్నంత వరకు జవాబులు రాస్తా ఉండా, తిట్టినాయనది కూడా వేసినా.

అక్కా, మా పాప డిగ్రీ రెండో సంవత్సరం. పొద్దస్తమానం ఫోన్లో కొరియా సీరియళ్ళే. హీరోని చూసి "ఓప్పా, ఓప్పా" అని కేకలు. అర్థం ఏందే అంటే అన్న అంట! అన్నని ప్రేమించేదేందక్కా? చూడొద్దని గట్టిగా చెప్పేయనా?
– ఒక తల్లి, గిరింపేట, చిత్తూరు

వదినా, ముందు రెండు గుక్కలు నీళ్ళు తాగండి. ఓప్పా అంటే ఆడపిల్ల అన్నని పిలిచే మాటే, కాదన్ను, కానీ తనకంటే పెద్దోడైన స్నేహితుణ్ణి, ప్రేమించినోణ్ణి, కట్టుకున్నోణ్ణి కూడా అదే పిలుపుతో పిలుస్తారు. మగపిల్లోడు అన్నని పిలవాలంటే మళ్ళీ వేరే మాట, హ్యోంగ్. మన పక్క మాత్రం ఏం తక్కువ చెప్పండి, అమ్మ తమ్ముడూ మామే, మొగుడూ మామే, మొగుడి నాయనా మామే, ఒక కొరియా మనిషి వచ్చి మన పెళ్లింట్లో ఒక పూట కూర్చుంటే కళ్ళు తిరిగి పడిపోతాడు. తమాషా ఏందంటే వాళ్ళు అమ్మని "ఒమ్మా" అంటారు, నాయన్ని అచ్చంగా "అప్పా" అంటారు, అది వినపడినప్పుడల్లా తమిళనాడు బోర్డరు నుంచి మా చుట్టాలెవరో దిగినట్టే ఉంటాది నాకు. పాపని చూడొద్దనకండి, పరీక్షలప్పుడు మాత్రం ఫోన్ తీసి బియ్యం డబ్బాలో పెట్టేయండి, నేను అదే చేసినా.

మేడమ్, నాకు ఈ మధ్యే నిశ్చితార్థం అయింది. అమ్మాయి రోజూ ఒక కొరియా హీరో ఫోటో పంపించి "చూసి నేర్చుకో" అంటాది. నాది ఎండలో బండేసుకుని తిరిగే ఉద్యోగం, వాళ్ళలాగా తెల్లగా నున్నగా నేను ఎట్లయ్యేది?
– కాబోయే పెళ్ళికొడుకు, రేణిగుంట

నాయనా, ఆ పిల్ల చూడమనింది మొహాన్నే అని నీకెవరు చెప్పినారు? 'క్రాష్ ల్యాండింగ్ ఆన్ యూ' ఒకసారి చూడు. 2019 డిసెంబర్లో మొదలై 2020 ఫిబ్రవరికి అయిపోయిన సీరియల్, నేను మాత్రం ఈ మధ్య మళ్ళీ చూసినా. దక్షిణ కొరియా కోటీశ్వరుల పిల్ల పారాగ్లైడింగ్ చేస్తా సుడిగాలికి కొట్టుకుపోయి ఉత్తర కొరియాలో పడతాది, అక్కడ ఒక మిలిటరీ కెప్టెన్ ఇంట్లో దాక్కుంటాది, వింటే మన పాత జానపద సినిమా మాదిరే ఉంటాది, మొదట్లో నేనూ నవ్వినా. ఆ ఇంట్లో ఉండి ఆ పిల్ల సువాసన వచ్చే క్యాండిల్ కావాలని అడుగుతాది. ఆయనకి క్యాండిల్ అంటే కరెంటు పోతే వెలిగించేదనే తెలుసు పాపం, మామూలు కొవ్వొత్తి తెచ్చి చేతిలో పెడతాడు. ఆ ముచ్చట అక్కడితో అయిపోయిందని మనమూ మర్చిపోతాం. తర్వాత ఒకరోజు సంతలో ఆ పిల్ల తప్పిపోతాది, ఊరు కాని ఊరు, చీకటి పడింది, గరుడసేవ రోజు మాడవీధుల్లో అమ్మ చెయ్యి వదిలేసిన పిల్ల మాదిరి బిక్కమొహం వేసుకుని దిక్కులు చూస్తా ఉంటే, అంతమంది తలల మీదుగా ఒక కొవ్వొత్తి పైకి లేస్తాది. ఆయనే. ఈసారి వాసన వచ్చేదే తెచ్చినా అంటాడు. అంతే సీను. నేను పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి మర్చిపోయి నిలబడి చూసినా, స్టౌ అంతా పాలే, గిన్నె రెండు రోజులు నానబెట్టాల్సొచ్చింది. అడిగింది ఒకటి, తెచ్చింది ఒకటి, ఆ తప్పు మనసులో పెట్టుకుని మళ్ళీ సరైనది తెచ్చినాడు చూడు, దానికి తెల్లగా నున్నగా ఉండాల్సిన పనేముంది? ఆ అమ్మాయి పోయిన వారం నిన్నేం అడిగిందో గుర్తుందా? లేదంటే వాట్సాప్ తీసి పైకి జరుపుకుంటా పో, యాడో ఉంటాది.

అన్నట్టు ఆ జంట, హ్యున్ బిన్, సన్ యే జిన్, 2022 మార్చిలో నిజంగానే పెళ్లి చేసుకున్నారు. ఆ కబురు తెలిసి మా వీధిలో ఇద్దరు ఆడపిల్లలు కేసరి చేసి పంచినారు, నేనూ తిన్నా.

మీరు ఊరికే ఆకాశానికి ఎత్తుతారమ్మా. ప్రతిదాంట్లో బండి గుద్దుతుంది, మతి పోతుంది, డబ్బున్న తల్లి కవరు ఇచ్చి మా వాణ్ణి వదిలెయ్ అంటుంది. మన డైలీ సీరియల్‌కీ దీనికీ తేడా ఏమిటి?
– రిటైర్డ్ టీచరు, కొర్లగుంట, తిరుపతి

మాస్టారూ, మొట్టికాయ సరైన చోటే వేసినారు. 'క్వీన్ ఆఫ్ టియర్స్' విషయంలో నాకూ ఇదే కడుపుమంట. 2024లో వచ్చింది, క్రాష్ ల్యాండింగ్ రాసిన పార్క్ జి ఉన్ గారే ఇదీ రాసింది, టీవీఎన్ అనే కొరియా ఛానెల్లో, చూసినోళ్ళ లెక్కలో తన పాత సీరియల్ రికార్డుని తనే దాటేసింది. మొదలుపెట్టింది ఎంత బాగా అనుకున్నారు! పెళ్లయిపోయి మూడేళ్ళయిన జంట, ప్రేమంతా ఇంకిపోయింది, మొగుడు విడాకుల కాగితం పట్టుకుని తిరుగుతా ఉంటాడు. ఆయన పల్లెటూరి పిల్లోడు, ఆమెది షాపింగ్ మాళ్ళున్న కుటుంబం, చెప్పాలంటే ఇల్లరికం కథే. ఆ ఇంట్లో పెద్దల తద్దినం వస్తే వంటింట్లో దూరేది అల్లుళ్ళు! పెద్ద పెద్ద చదువులు చదువుకున్నోళ్ళు చేతులకి పిండి పూసుకుని పెనం మీద అట్లు వేస్తా గొణుక్కుంటా ఉంటారు, మా ఇంటాయన ఆ సీను రాగానే పేపరు అడ్డం పెట్టుకున్నాడు. ఎండిపోయిన కాపురం మళ్ళీ ఎట్ల చిగురుస్తాదో చూద్దామని కూర్చుంటే, చివరికొచ్చేసరికి ఆమెకి బ్రెయిన్ ఆపరేషను, జ్ఞాపకాలు పోవడం, కారు గుద్దడం, చాలక తుపాకీ కూడా. ఆ ఇద్దర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి మాట్లాడనిచ్చింటే చాలదా? నటించిన వాళ్ళు బాగా చేసినారు కాబట్టి ఏడ్చినా, ఏడ్చినాక కోపమొచ్చింది.

మతిమరుపు కథ అంటేనే విసుగు పుట్టిందంటే మాత్రం జపాన్ వాళ్ళ 'ఫస్ట్ లవ్' చూడండి, 2022, తొమ్మిదే ఎపిసోడ్లు. అందులోనూ యాక్సిడెంట్ ఉంది, అందులోనూ ఆ పిల్లకి ప్రేమించినోడు గుర్తుండడు. కానీ అది ఆఖర్లో మనల్ని ఏడిపించడానికి పెట్టింది కాదు, దానివల్ల ఆమె బతుకు యాడికి పోయిందో చూపిస్తారు, విమానాల్లో తిరగాలని కలలు కన్న పిల్ల హోక్కైడో మంచులో టాక్సీ నడుపుకుంటా ఉంటాది.

తేడా ఏందన్నారు కదా, అయిపోయే రోజు ముందే అనుకుని మొదలుపెడతారు మాస్టారూ. వారానికి రెండు, ఎనిమిది వారాలు, 16కి దండం పెట్టేస్తారు, ఈమధ్య 12కే ముగించేవి కూడా జాస్తి అయినాయి. మన దాంట్లో హీరోయిన్ నిండు చూలాలైతే ఆ బిడ్డ పుట్టేలోపల మా పక్కింటి పిల్ల ఇంటర్ పాసయింది.

నేను థాయ్‌లాండ్ 'ఎఫ్4' చూస్తుంటే మా అక్క "ఇది నేను 2009లోనే చూసినా పోవే" అంటోంది. ఎవరు కరెక్ట్?
– శ్రీకాళహస్తి

ఇద్దరూ. 1992లో మొదలైన జపాన్ బొమ్మల కథ అది, దాన్ని తైవాన్ వాళ్ళు 2001లో, జపాన్ వాళ్ళు 2005లో, కొరియా వాళ్ళు 2009లో, చైనా వాళ్ళు 2018లో, థాయ్ వాళ్ళు 2021లో సీరియల్‌గా తీసుకున్నారు. ఒకే పిండితో అందరూ దోసెలు పోసుకున్నారు, మీ అక్క తిన్నది కొరియా దోసె. పేదింటి పిల్లని ఏడిపించే డబ్బున్న పిల్లోడు నాకు ఏ దేశంలోనూ నచ్చలేదు, అది వేరే సంగతి.

చైనావి ఏవైనా చెప్పండి మేడం.
– డిగ్రీ విద్యార్థిని, పలమనేరు

'హిడెన్ లవ్', 2023, 25 ఎపిసోడ్లు. అన్న స్నేహితుడి మీద మనసు పడిన పిల్ల కథ. పిల్ల స్కూల్లో ఉన్నంతకాలం ఆ అబ్బాయి చెల్లెలి మాదిరే చూస్తాడు, పెద్దయి కాలేజీకి పోయినాకే కథ నడుస్తాది, లేకుంటే నేను మధ్యలోనే ఆపేసేదాన్ని. పాకం కొంచెం ముదిరింది, రోజుకి ఒకటి కంటే జాస్తి చూడమాకు.

అమ్మా, మా అత్తకి డెబ్బై దాటింది, ఆమెతో కూర్చుని చూడదగ్గది ఏదైనా ఉందా? ముద్దులు గిద్దులు వస్తే నేను నీళ్ళు తాగే సాకుతో లేచిపోవాలి.
– ఒక కోడలు, బైరాగిపట్టెడ, తిరుపతి

ఉంది. 'వెన్ లైఫ్ గివ్స్ యూ టాంజరిన్స్'. 2025 మార్చిలో వారానికి నాలుగు చొప్పున నాలుగు వారాల్లో 16 వదిలినారు. జెజు అనే దీవిలో సముద్రంలో మునిగి గవ్వలు, నత్తలు ఏరే ఆడోళ్ళు ఉంటారు, హేన్యో అంటారు, అట్లాంటి తల్లికి పుట్టిన ఏసున్ కథ, చిన్నప్పటి నుంచి ముసలితనం దాకా. ఆమె వెనకే తిరిగే గ్వాన్ సిక్ పెద్దగా మాట్లాడే రకం కాదు, సంతలో ఆ పిల్ల క్యాబేజీలు అమ్మను పొమ్మని పుస్తకం చదువుకుంటా ఉంటే వాటిని అమ్మి పెట్టేది ఈయనే. కొరియా భాషలో దీనికి పెట్టిన పేరు కూడా సియోల్ భాష కాదు, జెజు యాస, చాలా కష్టపడినావు అని అర్థం. మన చిత్తూరు యాసలో "శానా కష్టపడితివి కదా తల్లీ" అని పెద్ద సీరియల్‌కి పేరు పెట్టినట్టు! అది తెలిసినప్పుడే నాకు సగం నచ్చేసింది.

మా అత్తకి సబ్‌టైటిల్స్ చదవను రాదు, నేను పక్కన కూర్చుని హరికథ మాదిరి చెప్తా పోయినా. ఒకచోట ఏసున్ అత్తగారింట్లో అన్నాలకి కూర్చుంటారు, మగోళ్ళకి ఒక బల్ల, ఆడోళ్ళకి పక్కన వేరే. ఏసున్‌ని అందరూ తలా ఒక మాట అంటా ఉంటారు. గ్వాన్ సిక్ ఏం గొడవ పడడు, ఏం అనడు, కూర్చున్న చోటే అటు తిరిగి, మగోళ్ళకి వీపు పెట్టి, పెళ్ళాం వైపు మొహం పెట్టి అన్నం తింటాడు. నేను చెప్పడం ఆపేసినా, చెప్పడానికి ఏముంది అందులో. మా అత్త చేతిలో చిక్కుడుకాయలు, ఈనె తీస్తా తీస్తా ఆగిపోయింది. మా మామ పోయి పన్నెండేళ్ళు, ఆయన మంచోడే, కానీ ఆయన తిని లేచినాకే ఈమె కంచం పెట్టుకునేది.

"వాడు తిరిగి కూర్చునేది ఇంకోసారి వెయ్యి" అనింది. వేసినా. మళ్ళీ వెయ్యమనింది.